అనంతపురం గాలిలో సైకిలు: ఏ సామాను ఎందుకు?

మా పక్కింటి మామ ఈ మధ్య సైకిలు కొందామని బజారుకు పోయినాడు. దుకాణం ముందు వరసగా నిలబెట్టిన వాటిలో ఒకటి నచ్చింది. ధర అడిగి, కాసేపు బేరమాడి, డబ్బు తీయబోతూ ఆగినాడట. "దీనికి స్టాండేది?" "స్టాండు వేరే సార్." మడ్‌గార్డు వేరే. క్యారియరు వేరే. బెల్లు, తాళం, లైటు అన్నీ వేరే. చైను కవరయితే ఈ మోడలుకు రానే రాదు. ముప్పై ఏళ్ల కింద సైకిలు దిగి బండెక్కిన మనిషి ఆయన. మళ్లీ సైకిలెక్కుదామని వస్తే, తనకు తెలిసిన సైకిలు అక్కడ లేదు.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తడానికి ఒక కారణం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కాక 10,000 రూపాయలుండే సైకిలు అంతకుముందు 11,200 అయ్యేది, ఇప్పుడు 10,500 అవుతుంది. ఆ మిగిలిన 700 చూసి కొందామనుకున్నవాళ్లకు కొత్త చిక్కులు ఎదురవుతున్నాయి. గేర్లదా, మామూలుదా? లావు టైరా, సన్న టైరా? ముందర షాకబ్జర్లు ఉండాలా? పంచరు కాకుండా ద్రావకం పోయించుకోవచ్చునంటున్నారు, నిజమేనా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. వాళ్లెవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు. బెంగళూరులో తొక్కేవాడికి పనికొచ్చిన సామాను అనంతపురంలో పనికిరాకపోవచ్చు, అంతే తేడా. కాబట్టి ముందు మన ఊరి ఇబ్బందులేమిటో చూసి, ఆ తర్వాత సామాన్ల దగ్గరికి వద్దాం.

నల్ల సైకిలుకు ఉన్నవి, రంగు సైకిలుకు లేనివి

అట్లాస్, హీరో, హెర్క్యులిస్ పేర్లు వినగానే కళ్ల ముందుకొచ్చే నల్ల సైకిలు పనికోసం పుట్టింది. పాలక్యాన్లు, గడ్డిమోపు, గ్యాసు సిలిండరు, వెనక భార్య, ముందు కడ్డీ మీద పిల్లోడు, అన్నీ మోసింది. అందుకే దానికి నిండు మడ్‌గార్డులు, చైను కవరు, ఇనప క్యారియరు, రెండు కాళ్ల స్టాండు, వెనక చక్రానికి తాళం, బెల్లు అన్నీ సైకిలుతోపాటే వచ్చేవి. చక్రం తిరిగితే లైటు వెలిగించే డైనమోను విడిగా వేయించుకునేవాళ్లు. సామాన్లు అని ప్రత్యేకంగా చెప్పుకునే పని లేదు, అవి సైకిల్లో భాగం.

ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది కొండదారుల్లో, పందేల్లో తొక్కే సైకిలు రూపాన్ని అనుకరించింది. పందెంలో తొక్కేవాడికి మడ్‌గార్డు బరువు, స్టాండు దండగ. ఆ రూపం మనదాకా వచ్చేసరికి, పందెం లేకపోయినా ఆ బోసితనం మాత్రం మిగిలింది. పైగా సామాన్లు తీసేస్తే బోర్డు మీద రాసే ధర తగ్గుతుంది. 2020 జూన్ 3న, అది ప్రపంచ సైకిల్ దినం, ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఉన్న అట్లాస్ చివరి ఫ్యాక్టరీ మూతపడింది. నల్ల సైకిలు ఇప్పటికీ వేరే కంపెనీలవి దొరుకుతాయి, కానీ చాలా దుకాణాల్లో అది వెనక మూలన ఉంటుంది.

బడి అమ్మాయిల సైకిళ్లు మాత్రం ఈ బోసితనం నుంచి తప్పించుకున్నాయి. 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వం తొమ్మిదో తరగతి అమ్మాయిలకిచ్చిన సైకిళ్లకు ముందర బుట్ట ఉంది, చైనుకు కవరుంది. ఆ అవసరాన్ని ఎవరో ఆలోచించి రాసినట్టే ఉంది. పెద్దవాళ్ల అవసరాన్ని మాత్రం పెద్దవాళ్లకే వదిలేశారు.

ఎదురుగాలి ఎంత తింటుంది?

అనంతపురంలో సైకిలు గురించి అడిగితే అందరూ మొదట ఎండ మాట ఎత్తుతారు. నా లెక్కలో మొదటిది గాలి. జూన్‌లో మొదలై ఆగస్టు దాకా పడమర నుంచి, నైరుతి నుంచి ఒకటే ఈడ్పు. ఉరవకొండ వైపు, రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. సరుగుడు పందిళ్లను, ఫ్లెక్సీలను చింపే గాలి సైకిలు తొక్కేవాడిని మాత్రం ఎందుకు వదులుతుంది?

దీన్ని అంకెల్లో చూద్దాం. సైకిలు తొక్కేటప్పుడు చదును నేల మీద మనం రెండింటితో పోరాడతాం. ఒకటి టైరు నేలను పట్టి లాగే లాగుడు. ఇది వేగంతో పెద్దగా మారదు. రెండోది గాలి అడ్డం. ఇది ఒంటికి తగిలే గాలి వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. చిక్కంతా ఈ నాలుగింతల దగ్గరే ఉంది.

మనిషీ సైకిలూ కలిపి 92 కిలోలు అనుకుందాం. నిటారుగా కూర్చుని, గాలి లేని రోజు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే, టైరు లాగుడుకు 30 వాట్లు, గాలికి 24 వాట్లు, మొత్తం 54 వాట్ల దాకా ఖర్చవుతుంది. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటుంది. అంటే సైకిలు ఫ్యానుకన్నా తక్కువతో నడుస్తోంది. ఇప్పుడు ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి పెట్టండి. ఒంటికి తగిలే గాలి 30 అయింది. అదే వేగం నిలబెట్టుకోవాలంటే 125 వాట్లు కావాలి, అంటే రెండింతలకన్నా ఎక్కువ. అంత శక్తి పెట్టలేక, ఎప్పటిలాగే 54 వాట్లే పెడితే వేగం గంటకు 9 కిలోమీటర్లకు పడిపోతుంది.

"పొద్దున ఎదురైతే సాయంత్రం వెనకనుంచి తోస్తుంది కదా, చెల్లుకు చెల్లు" అనేవాళ్లున్నారు. వినడానికి బాగుంది కానీ లెక్క కుదరదు. 6 కిలోమీటర్ల దారి తీసుకోండి. గాలి లేకపోతే పోయేటప్పుడు 24 నిమిషాలు, వచ్చేటప్పుడు 24, మొత్తం 48. గాలి ఉంటే ఎదురుగా 9 వేగంతో 40 నిమిషాలు, వెనకగాలితో 22న్నర వేగంతో 16 నిమిషాలు, మొత్తం 56. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి, ఇచ్చినదానికన్నా గాలి ఎక్కువే తీసుకుంటుంది.

ఊరి భూగోళం దీనికి ఇంకో మెలిక పెడుతుంది. కళ్యాణదుర్గం రోడ్డు ఊరికి పడమటి దిక్కున ఉంది. అక్కడ ఇల్లుండి, ఊరి నడుమ టవర్‌క్లాక్ దగ్గర ఉద్యోగమున్నవాడికి పొద్దున వెనకగాలి, సాయంత్రం ఎదురుగాలి. గాలి మామూలుగా పొద్దున నెమ్మదిగా ఉండి, ఎండెక్కినాక పుంజుకుంటుంది. అంటే ఆయనకు దొరికే సాయం తక్కువ గాలిది, పడే కష్టం ఎక్కువ గాలిది. తూర్పు దిక్కున ఇల్లున్నవాడు ఈ విషయంలో అదృష్టవంతుడు. ఊళ్లో ఇళ్లు, చెట్లు, గోడలు ఆపుతాయి కాబట్టి సందుల్లో ఇంత ఉండదు. వాతావరణ శాఖ చెప్పే గాలి వేగం కూడా 10 మీటర్ల ఎత్తులో కొలిచింది, సైకిలు మీద మనకు తగిలేది అంతకన్నా తక్కువ. కానీ ఊరు దాటి బయలు పడగానే తేడా తొడలకు తెలుస్తుంది.

గేర్లు వేగానికి కాదు

'గేర్ సైకిలు' అంటే జోరుగా పోయే సైకిలని పిల్లలు అనుకుంటారు, కొనిచ్చే పెద్దలూ అనుకుంటారు. ఈ ఊళ్లో దాని అసలు ఉపయోగం నిదానంగా పోవడానికి. ఎట్లాగో చూడండి.

నల్ల సైకిలుకు పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 5.5 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకు 20 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. బాగుంది. కానీ ఎదురుగాలిలో వేగం 9కి పడినప్పుడు పెడలు నిమిషానికి 27 చుట్లే తిరుగుతుంది. ఒక్కో తొక్కుడుకు ఒళ్లంతా బరువు వేయాలి. మోకాళ్ల నొప్పులు ఇక్కడినుంచి కూడా వస్తాయి. అదే గేర్ల సైకిల్లో ముందు 36, వెనక 28 పళ్ల మీదికి చైను వేసుకుంటే ఒక చుట్టుకు 2.66 మీటర్లే. అదే 9 వేగానికి 56 చుట్లు. పని అంతే, శ్రమ మాత్రం పలచగా పరుచుకుంటుంది.

గేర్లు వద్దనేవాళ్ల మాటలోనూ బలముంది. మన దుమ్ములో చైను, వెనక గేరు మార్చే కొక్కెం త్వరగా అరుగుతాయి. కింద పడితే ఆ కొక్కెం వంగుతుంది. సరిచేసే మేస్త్రీ అన్ని వీధుల్లో ఉండడు. 21 గేర్లని పెట్టెమీద రాసినా, రోజూ వాడేది మూడో నాలుగో. ఈ రెంటికీ మధ్యన ఎవరూ పెద్దగా చెప్పని దారి ఇంకొకటుంది. నల్ల సైకిలుకు వెనక 18 పళ్ల ఫ్రీవీలు తీసి 22 పళ్లది వేయించడం. రిక్షాలకు, లోడు బండ్లకు వేసేది అదే. చైనుకు ఒక లింకు కలపాల్సి రావచ్చు. చుట్టుకు 4.5 మీటర్లు వస్తుంది. గాలి లేని రోజు 60 చుట్లకు 16 కిలోమీటర్ల వేగం, ఆఫీసుకు అది చాలు. గాలి రోజు కొంత ఊపిరి. గేర్ల సైకిలంత సుఖం రాదు, అంత ఖర్చూ రాదు.

ముందు షాకబ్జర్ల సంగతి రెండు మాటల్లో తేల్చవచ్చు. చవక సైకిళ్లకు పెట్టేవి బరువు పెంచి, ఎత్తులో నిలబడి తొక్కినప్పుడు మన బలాన్ని స్ప్రింగులో పీల్చుకుంటాయి. గుంతలను మింగే పని లావు టైరే చేస్తుంది.

బ్యాటరీ సైకిలు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దానికి రిజిస్ట్రేషను కావాలా అనే గందరగోళం చాలామందికుంది. మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకు లోపు ఉండి, వేగం 25 కిలోమీటర్లు చేరేసరికి మోటారు ఆగిపోయే తొక్కుడు సైకిలు మోటారు వాహనం కాదు. లైసెన్సు, నంబరు ప్లేటు అక్కర్లేదు. పైన చూసిన 125 వాట్లు గుర్తు చేసుకుంటే, ఆ 250 వాట్లు మన ఎదురుగాలికి బాగా సరిపోతాయని తెలుస్తుంది. అదే ఆకారంలో ఉండి 40 వేగంతో పోయేది మాత్రం చట్టం దృష్టిలో బండే, సైకిలు కాదు.

రోడ్డంచున కంప

ఎనిమిదేళ్ల కింద నా సైకిలుకు ఒకే వారంలో మూడుసార్లు పంచరయింది. వెనక టైరే, ప్రతిసారీ. రెండుసార్లు దగ్గర్లోని షాపులో వేయించుకున్నాను. మూడోసారి తోసుకుంటూ వేరే వీధిలో చెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి పోయినాను. ఆయన ట్యూబు తీసి గాలి కొట్టి నీళ్ల బేసిన్లో ముంచి బుడగలొచ్చేచోట గోరుతో గీత గీసినాడు. అక్కడితో ఆగలేదు. ట్యూబును టైరు మీద పరిచి, వాల్వు దగ్గర వాల్వు పెట్టి, రంధ్రం టైర్లో ఎక్కడికి వస్తుందో చూసినాడు. పక్కనే పాత రెండు పట్టీలు, మూడూ బెత్తెడు దూరంలోనే. పాత బనీను గుడ్డ ముక్క తీసి టైరు లోపల చుట్టూ రాసినాడు. ఒకచోట గుడ్డ పట్టుకుంది. పట్కారుతో లాగితే కంపముల్లు కొన, బియ్యపు గింజలో సగం కూడా లేదు. "ముల్లు టైర్లోనే పెట్టుకోని ట్యూబుకు పట్టీలేస్తాంటే ఎట్ల నాయనా?" అన్నాడు. ఆ గుడ్డ ముక్క విద్య నాకు అన్ని సామాన్లకన్నా ఎక్కువ ఉపయోగపడింది.

మన దగ్గర పంచర్లకు ఇద్దరు దోషులు. ఒకటి సర్కారు తుమ్మ, మనం కంపచెట్టు అనేది. ముల్లు పొడుగు, గట్టి. కంప కొట్టి ట్రాక్టర్లో తోలేటప్పుడు రాలిన పుల్లలు రోడ్డంచుకు చేరతాయి. రెండోది పల్లేరుకాయ. ఇది వానలు వెనకబడి చెట్టు ఎండినాక రాలుతుంది. దాని ఆకారమే అట్లాంటిది, ఎట్ల పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. కార్లు, లారీలు తిరిగేచోట ఇవి నిలవవు, టైర్లకు అంటుకునో గాలికి కొట్టుకుపోయో అంచుకు చేరతాయి. ట్రాఫిక్కు సైకిలువాణ్ని తోసేది కూడా ఆ అంచుకే. అందుకే బండివాడికి నెలల తరబడి కాని పంచరు సైకిలువాడికి తరచూ అవుతుంది. మట్టి దిగకుండా తారు మీదే, అంచునుంచి రెండు మూడడుగులు లోపలికి తొక్కితే పంచర్లు తగ్గుతాయనేది ఇందుకే. కానీ వెనక హారను మోగితే ఎంతమంది అక్కడ నిలబడగలరు?

సామాన్ల విషయానికొస్తే, దీనికి మూడు మందులు అమ్ముతున్నారు. టైరుకూ ట్యూబుకూ మధ్య పరిచే ప్లాస్టిక్ పట్టీ మొదటిది. ముల్లును అది నిజంగానే ఆపుతుంది. కాకపోతే చక్రం బరువెక్కుతుంది, పట్టీ చివర రెండంచులు కలిసేచోట గరుకుగా ఉంటే అదే ట్యూబును రాసి చిల్లి చేస్తుంది. రెండోది ట్యూబులో పోసే ద్రావకం. సన్న ముల్లు చిల్లిని లోపలినుంచి మూసేస్తుంది. ఎండ ఊళ్లో కొన్ని నెలలకు ఎండి గడ్డకడుతుంది, మళ్లీ పోయాలి. గాజుపెంకు కోతకు పనిచేయదు. పైగా ద్రావకం కారే ట్యూబుకు పంచరు పట్టీ అంటుకోదని పంచరు షాపులవాళ్లు దీన్ని తిడతారు, వాళ్ల మాట నిజమే. మూడోది మందపు టైరు. ఖర్చెక్కువ, తొక్కడం కాస్త బరువు, కానీ పెట్టి మరిచిపోవచ్చు. రోజూ ఊళ్లో తిరిగేవాడికి మందపు టైరు, ఊరవతల కంపల మధ్య తిరిగేవాడికి ద్రావకం కలిసొస్తాయని నా అనుభవం. ఇంకొకరి అనుభవం వేరుగా ఉంటే వాదించను.

'28' అంటే ఏ 28?

టైరు మార్చేటప్పుడు వచ్చే గందరగోళం వేరే. దుకాణంలో "28 టైరు" అని అడిగితే రెండు రకాలు రావచ్చు. నల్ల సైకిలుది 28×1½, రిమ్ము మీద టైరు కూర్చునేచోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. కొత్త రకం '700సీ' టైరునూ కొన్నిచోట్ల 28 అనే రాస్తారు, దాని వ్యాసం 622. తేడా 13 మిల్లీమీటర్లు, ఒకదానికొకటి ఎక్కదు. 26లోనూ ఇదే తంటా. 26×1.95 అని చుక్క పెట్టి రాస్తే 559 వ్యాసం, 26×1⅜ అని భిన్నంలో రాస్తే 590. ఆడవాళ్ల సైకిళ్లకు ఎక్కువగా రెండోది వస్తుంది. ఇంచీలు ఎంతైనా అబద్ధమాడతాయి. టైరు పక్కగోడ మీద 40-635, 50-559 అని గీతతో విడదీసి రాసిన జంట అంకె ఉంటుంది. రెండో అంకె కలిస్తేనే టైరు కలుస్తుంది.

వాల్వులదీ అంతే. నల్ల సైకిలుది రబ్బరు గొట్టం వేసే పాత వాల్వు, సైకిలు పంపుతోనే గాలి పోతుంది. బండ్లకుండే లావు వాల్వయితే పెట్రోలు బంకులో కొట్టించుకోవచ్చు. సన్నగా పొడుగ్గా, కొనకు మర ఉండేది ఖరీదైన సైకిళ్లకు వస్తుంది, దానికి ప్రత్యేకమైన మూతి ఉన్న పంపు కావాలి. ఇంట్లో గాలి పంపు ఒకటి కొనేవాళ్లు ముందు తమ వాల్వేదో చూసుకోకపోతే ఆ పంపు అటక మీదికే. పంపు ఎందుకంటే, సన్నటి ట్యూబులోనుంచి గాలి ఊరికే ఉన్నా కొద్దికొద్దిగా పోతుంది. మెత్తబడ్డ టైరు పైన చెప్పిన 30 వాట్ల లాగుడును మరో 10, 15 పెంచుతుంది. గాలి తగ్గితే రాయి తగిలినప్పుడు రిమ్ము ట్యూబును నలిపి రెండు చిల్లులు పక్కపక్కనే చేస్తుంది. పాము కాటులాంటి ఆ జంట గుర్తు కనిపిస్తే ముల్లును వెతకక్కర్లేదు.

ఎండకు ట్యూబు పేలుతుందా?

మే నెలలో ఆఫీసు బయట ఎండలో పెట్టిన సైకిలు 'టప్' మని పేలిన కథ ప్రతి ఇంట్లో ఒకటుంటుంది. అందుకని ఎండాకాలం గాలి తక్కువ కొట్టించుకునేవాళ్లున్నారు. లెక్క చూద్దాం. పొద్దున 30 డిగ్రీలున్నప్పుడు టైర్లో 50 పౌండ్ల గాలి ఉందనుకోండి. ఎండలో టైరు 60 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి 56 దాకా పెరుగుతుంది. ఆరు పౌండ్లు. మంచి టైరును పేల్చడానికి అది చాలదు.

మరి పేలేది ఎందుకు? ఎండకు పక్కగోడ రబ్బరు పగిలిన పాత టైరు, లేదా రిమ్ము అంచులో సరిగా కూర్చోకుండా ఉన్న టైరు, లేదా వేడికి మెత్తబడి జారిన పంచరు పట్టీ. ముందే ఉన్న బలహీనతను ఆ ఆరు పౌండ్లు బయటపెడతాయి. గాలి తక్కువ కొట్టిస్తే పేలుడు భయం కొంచెం తగ్గినా తొక్కడం బరువై, రిమ్ము కాట్లు పెరుగుతాయి. నీడన నిలపడం రెంటికన్నా మేలు. అది దొరికే ఆఫీసులు మాత్రం తక్కువ, ఉన్న నీడంతా కార్లదే.

చెమట ఎప్పుడు పడుతుంది?

తొక్కేటప్పుడు మన ఒంట్లో ఖర్చయ్యేదాంట్లో నాలుగో వంతు కూడా పెడలుకు చేరదు, మిగతాదంతా వేడి. 54 వాట్లతో తొక్కితే ఒంట్లో పుట్టే వేడి 160 నుంచి 200 వాట్లు. ఎదురుగాలిలో పంతానికి పోయి 125 పెడితే ఆ వేడి 400 దాటుతుంది. మన ఎండ పొడి ఎండ కాబట్టి దారిలో చెమట పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలుగా తర్వాత కనిపిస్తుంది. అసలు చెమట ఆఫీసు మెట్ల దగ్గర ఆగినాక పడుతుంది. గాలి ఆగింది, వేడి ఇంకా ఆగలేదు. ఆఖరి అర కిలోమీటరు తీరుబాటుగా తొక్కితే మంచిదనేది ఇందుకే. వెనకగాలిలో ఇంకో చిత్రం ఉంది. మనమూ గాలీ ఒకే దిక్కుకు ఒకే వేగంతో పోతుంటే ఒంటికి తగిలేదేమీ ఉండదు, సులువుగా తొక్కుతూ కూడా తడిసిపోతాం.

భుజాలకు తగిలించుకునే సంచి వీపుకు అతుక్కుని ఆ కాస్త గాలినీ ఆపేస్తుంది. దాన్ని క్యారియరు మీద రబ్బరు తాడుతో కట్టేసినా, ముందు బుట్టలో వేసినా వీపు ఆరుతుంది. క్యారియరుకు రెండు పక్కలా వేలాడే సంచులు వస్తున్నాయి, బరువు కిందికుంటుంది కాబట్టి సైకిలు తూలదు. ఇక చైను కవరు లేని సైకిలుకు ప్యాంటు అడుగు నల్లబడకుండా క్లిప్పు పెట్టుకోవచ్చు. పంచెకు, చీరకు, చుడీదారుకు ఆ క్లిప్పు చాలదు, కవరే కావాలి. పట్టణంలో సైకిలు తొక్కే ఆడవాళ్లు తగ్గారని బాధపడేవాళ్లు ఒకసారి దుకాణంలో చైను కవరున్న పెద్దవాళ్ల సైకిలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడవచ్చు.

చూడటానికి లైటు, కనపడటానికి లైటు

ఈ రెండూ ఒకటి కాదు. ముందు తెల్లలైటు దారి చూపాలి. వెనక ఎర్రలైటు మనల్ని చూపాలి. పాత డైనమో, 6 వోల్టులు 3 వాట్లది, టైరుకు రాసుకుంటూ తొక్కుడు బరువు పెంచేది, ఆగితే ఆరిపోయేది. లారీ వెనకనుంచి వచ్చే వేళ మనం ఆగి ఉంటే చీకటే. ఇప్పుడు బ్యాటరీ లైట్లు ఆ పని తీర్చాయి.

వెనక లైటు విలువ ఒక లెక్కలో చెప్పవచ్చు. కారు 60 వేగంతో, మనం 15తో పోతుంటే, కారు మనల్ని సెకనుకు 12న్నర మీటర్ల చొప్పున సమీపిస్తుంది. ముదురు రంగు చొక్కా హెడ్‌లైటు వెలుగులో 30 మీటర్ల దూరంలో కంటబడిందనుకుంటే డ్రైవరుకు మిగిలేది 2.4 సెకన్లు. ఎర్రలైటు 100 మీటర్లనుంచే కనబడితే 8 సెకన్లు. ఆరుతూ వెలిగేదా, స్థిరంగా వెలిగేదా అన్న వాదన ఉంది. ఆరుతూ వెలిగేది త్వరగా చూపును లాగుతుంది, కానీ ఎంత దూరంలో ఉందో అంచనా కట్టడం కష్టం. స్థిరమైనదానికి దీనికి తలకిందులు. రెండు చిన్నలైట్లు, ఒకటి ఇట్లా ఒకటి అట్లా పెట్టుకునేవాళ్లు కనిపిస్తారు, తెలివైన రాజీ.

హెల్మెట్టు దగ్గర వాదన వేడెక్కుతుంది. మన చట్టంలో తొక్కుడు సైకిలుకు హెల్మెట్టు తప్పనిసరి కాదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990 జూలైలోనే తప్పనిసరి చేసింది. నెదర్లాండ్స్‌లో రోజూ లక్షలమంది ఉత్త తలతో తొక్కుతారు, వాళ్లకు విడిగా సైకిలు దారులున్నాయి. బలవంతం చేస్తే జనం సైకిలు మానేస్తారని ఒక పక్షం, పడినప్పుడు తల పగలకుండా కాపాడేదాన్ని వద్దనడమేమిటని ఇంకో పక్షం. రెండు పక్షాలూ ఒకే వస్తువు గురించి వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 కింద సైకిలు హెల్మెట్టును మీటరున్నర ఎత్తునుంచి పడేసి పరీక్షిస్తారు. అంటే అది సైకిలు మీదనుంచి మనిషి పడే ఎత్తు. గుంతలో పడ్డప్పుడు, కుక్క అడ్డమొచ్చినప్పుడు అది పనికొస్తుంది. లారీ గుద్దితే కాపాడుతుందని దాన్ని ఎవరూ తయారు చేయలేదు. బండి హెల్మెట్టు పెట్టుకుని సైకిలు తొక్కేవాళ్లను మే నెలలో చూస్తే జాలేస్తుంది. గాలి రంధ్రాలు లేని ఆ బరువు వేరే వేగాలకు చేసింది.

పక్కింటి మామ సంగతి

ఆయన ఆ రోజు కొత్త సైకిలు కొనలేదు. మిద్దె మీద పదేళ్లుగా పడి ఉన్న వాళ్ల నాయన నల్ల సైకిలు దించి, తుప్పు గీకించి, 22 పళ్ల ఫ్రీవీలు వేయించినాడు. వెనక ఎర్రలైటు పెట్టించినాడు. టైర్లకోసం "28వి ఇయ్యప్పా" అని అడిగి తెచ్చుకుంటే షాపులో 700సీవి కట్టిచ్చినారట. మేస్త్రీ రిమ్ముకు ఎక్కించలేక గంటసేపు కుస్తీ పట్టి, చివరికి పక్కగోడ మీద 622 చూసి నవ్వినాడట. టైర్లు మార్చుకురావడానికి మామ బండి మీద పోయినాడు.